వైద్య విద్యార్థి నడుము కొలత

కొవ్వు ఎక్కడ పేరుకుంటుందో, అది గుండెనూ కాలేయాన్నీ ఏం చేస్తుందో పుస్తకంలో చదివి, డిసెక్షన్ హాలులో కళ్లారా చూసినవాళ్లు అదే కొవ్వును తమ ఒంట్లో ఎందుకు పేరుకోనిస్తారు? మెడికల్ కాలేజీలో చేరిన పిల్లలు రెండో ఏడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు బంధువుల్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేయకుండా ఉండరు. ప్రశ్న సహజమైనదే. అయితే విషయం తెలిసినవాడు జాగ్రత్తగా ఉంటాడని, ఒళ్లు బుద్ధి చెప్పినట్టు వింటుందని ఒక నమ్మకం దాని వెనుక ఉంది. శరీరపు బరువును నడిపే యంత్రాంగంలో తెలివికి దక్కిన చోటు చాలా చిన్నది. ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎన్ని గంటలు కూర్చున్నారు, ఆకలి వేసిన వేళకు చేతికి ఏది అందింది అన్నవి అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద శక్తులు. వైద్య విద్యార్థి విషయంలో ఈ మూడింటినీ నిర్ణయించేది చాలావరకు ఆ విద్యార్థి కాదు, కాలేజీ టైంటేబులు, హాస్టలు మెస్సు, డ్యూటీ పట్టిక. అందువల్ల వైద్య విద్యార్థుల్లో ఊబకాయాన్ని వాళ్ల బలహీనతగా చూడటం కంటే, వాళ్లు బతికే రోజును గంట గంటకూ విడదీసి చూడటమే శాస్త్రానికి దగ్గర దారి.

కొలబద్ద మారితే లెక్క మారుతుంది

లావు, సన్నం అన్నవి కంటితో చూసి చెప్పే మాటలుగా ఉన్నంతకాలం శాస్త్రానికి పనికిరావు కనుక, ఎత్తుకు తగిన బరువు ఎంతో చెప్పే కొలబద్ద ఒకటి కావలసి వచ్చింది. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను శరీర ద్రవ్యరాశి సూచిక అంటారు; ఆస్పత్రుల్లో అందరి నోటా వినిపించే బీఎంఐ ఇదే. 1830ల్లో దీన్ని రూపొందించిన అడాల్ఫ్ కెట్లే బెల్జియం దేశపు ఖగోళ, గణాంక శాస్త్రవేత్త. ఆయన వైద్యుడు కాడు, ఊబకాయం గురించి ఆలోచించనూ లేదు, సగటు మనిషి కొలతలు ఎలా ఉంటాయో తేల్చడమే ఆయన పని. ఆ సూత్రానికి బీఎంఐ అని పేరు పెట్టి వైద్యంలో వాడుకకు తెచ్చినవాడు అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, 1972లో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఈ సూచిక 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. భారతీయులకు ఈ గీతలు సరిపోవని, వీరిలో మధుమేహం, గుండెజబ్బు ఇంకా తక్కువ బరువు దగ్గరే మొదలవుతాయని తేలడంతో, 2009లో దేశంలోని నిపుణులు అధిక బరువుకు 23, ఊబకాయానికి 25 అని గీతలు కిందికి దించారు. 165 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉన్న విద్యార్థి బీఎంఐ 25.7 వస్తుంది. ప్రపంచ కొలబద్ద ప్రకారం ఆ విద్యార్థిది కాస్త అధిక బరువు, భారతీయ కొలబద్ద ప్రకారం ఊబకాయం. వైద్య కళాశాలల్లో జరిగిన సర్వేల్లో ఒకచోట పదిమందిలో ఒకరికి, మరొకచోట ముగ్గురికి ఊబకాయం ఉందని తేలితే, ఆ తేడా పిల్లల ఒంట్లోనే ఉందని అనుకోనక్కర్లేదు. ఏ గీతను వాడారో ముందు చూడాలి.

బీఎంఐకి ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. అది బరువును కొలుస్తుంది గాని, ఆ బరువులో కండ ఎంతో, కొవ్వు ఎంతో చెప్పలేదు. 2004లో లాన్సెట్ పత్రిక ఇద్దరు వైద్య శాస్త్రవేత్తల ఫొటోను పక్కపక్కన ప్రచురించింది. ఒకరు పుణెలోని కేఈఎం ఆస్పత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3, దశాంశం కూడా తేడా లేదు. ఒంట్లో కొవ్వును కొలిచి చూస్తే యడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. చొక్కా వేసుకుంటే ఇద్దరూ సన్నగానే ఉన్నారు, లోపల ఒకరిలో మరొకరికంటే రెట్టింపుకు మించిన కొవ్వు ఉంది. పైకి బక్కగా కనిపిస్తూ లోపల కొవ్వు మోసే ఈ దేహతత్వం భారతీయుల్లో పుట్టుకతోనే ఉంటుందని యాజ్ఞిక్ బృందం అంతకుముందే చూపించింది. పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు, పుణె శిశువుల్లో కండ బాగా తక్కువగా ఉన్నా, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

అందుకే భారతీయ విద్యార్థి విషయంలో తూకపు యంత్రం కంటే టేపు ఎక్కువ నిజం చెబుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలిన క్షణంలో కొలిస్తే వచ్చే అంకె మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటకూడదు. పేగుల చుట్టూ, కాలేయంలోపల చేరే కొవ్వునే ఈ కొలత పట్టి ఇస్తుంది. తొడల దగ్గరి కొవ్వుతో పోలిస్తే హాని ఎక్కువగా చేసేది అదే.

కాలేజీ లావు చేస్తుందా, లావుగానే వస్తారా?

వైద్య విద్యార్థుల మీద జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒక్కసారి కొలిచి వదిలేసినవి. ఒక రోజున అన్ని సంవత్సరాల విద్యార్థుల బరువులు తీసుకుని, నిద్ర, తిండి, వ్యాయామం గురించి ప్రశ్నపత్రం నింపించి, ఏది దేనితో కలిసి కనబడుతోందో చూస్తారు. కలిసి కనబడినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పడానికి వీల్లేదని లండన్ బస్సుల కథ ఎంతో బాగా చెబుతుంది. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని చూపించాడు. శారీరక శ్రమ గుండెను కాపాడుతుందనడానికి తొలి గట్టి సాక్ష్యాల్లో అదొకటి. అక్కడితో ఆగకుండా మూడేళ్ల తర్వాత మోరిస్ బృందం ఆ సంస్థ కుట్టించిన యూనిఫారాల కొలతలు తిరగేసింది. చిన్న వయసు డ్రైవర్ల ప్యాంట్లే కండక్టర్ల ప్యాంట్లకంటే నడుము దగ్గర వెడల్పుగా ఉన్నాయని తేలింది. అంటే కొంత తేడా ఉద్యోగం తెచ్చింది కాదు, వాళ్లతోపాటే వచ్చింది. తన సిద్ధాంతాన్ని తానే అనుమానించి, ప్యాంటు కొలతల దాకా వెళ్లిన ఆ నిజాయతీ ఈనాటి సర్వేలకు కూడా అవసరం.

తెలుగు రాష్ట్రాల్లో ఈ అనుమానానికి మరింత బలం ఉంది. ఇక్కడి విద్యార్థి కూర్చోవడం మెడికల్ కాలేజీలో మొదలవదు. పదో తరగతి పూర్తికాగానే బైపీసీలో చేరి, రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారకముందే స్టడీ అవర్‌తో లేచి, రాత్రి మళ్లీ స్టడీ అవర్‌తోనే పడుకునే రెండేళ్లు, సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ పేరుతో మరో ఏడాది, ఒక్కోసారి ఇంకో ఏడాది, ఒకే గదిలో ఒకే బల్ల మీద గడుస్తాయి. ఎముక, కండ పెరగవలసిన పదహారు, పదిహేడేళ్ల వయసులో ఆటస్థలం లేని భవనంలో ఉన్న పిల్లలు 720 మార్కుల పరీక్ష దాటి తెల్లకోటు వేసుకునేసరికి, ఒళ్లు కదలని అలవాటు అప్పటికే స్థిరపడి ఉంటుంది. ఆ తర్వాతి నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ ఆ అలవాటు మీద పెరిగేవే గాని, దాన్ని కొత్తగా పుట్టించేవి కావు. కాలేజీలో చేరిన మొదటి ఏడే పిల్లలు విపరీతంగా లావెక్కుతారన్న మాటలోనూ అతిశయోక్తి ఉంది. అమెరికాలో దీన్ని పదిహేను పౌండ్ల పెరుగుదల, అంటే దాదాపు ఏడు కిలోలు, అని చెప్పుకుంటారు. అనేక అధ్యయనాలను కలిపి 2015లో లెక్కగడితే సగటు పెరుగుదల 1.36 కిలోలని తేలింది. చిన్న అంకెగా కనిపిస్తుంది గాని, ఏటా అంత చొప్పున అయిదున్నరేళ్లు కలుస్తూ పోతే అది చిన్నది కాదు.

కూర్చోవడం అంత హాని ఎందుకు చేస్తుందన్నది వేరే ప్రశ్న. జిమ్ముకు వెళ్లడం, పరుగెత్తడం వంటి పనిగట్టుకుని చేసే వ్యాయామంలో ఖర్చయ్యే శక్తి చాలామందిలో తక్కువే; నిలబడటం, మెట్లెక్కడం, అటూ ఇటూ తిరగడం, కూర్చున్నచోటే కాళ్లూ చేతులూ కదపడం వంటి లెక్కలోకి రాని కదలికల్లో ఖర్చయ్యేది ఎక్కువ. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ బృందం 1999లో 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజూ అవసరానికి మించి 1,000 కేలరీలు తినిపించింది. అందరూ తిన్న అదనం ఒకటే అయినా ఒకరిలో కొవ్వు 360 గ్రాములే పెరిగితే, మరొకరిలో 4 కిలోలకు పైగా పెరిగింది. తేడాకు ప్రధాన కారణం ఈ చిల్లర కదలికలే. తక్కువ లావైనవాళ్లు తమకు తెలియకుండానే ఎక్కువ కదిలారు. రీడింగ్ రూములో పది గంటలు కూర్చుని సాయంత్రం అరగంట నడిచిన విద్యార్థి వ్యాయామం చేశాననుకోవడంలో తప్పులేదు గాని, ఆ పది గంటల్లో పోయిన కదలిక ఆ అరగంటతో తిరిగి రాదు.

నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది

ఇన్ని కారణాల్లో వైద్య విద్యకు అన్నిటికంటే సన్నిహితమైనది, సామాన్యుల దృష్టికి అన్నిటికంటే తక్కువగా వచ్చేది నిద్ర. మేల్కొని ఉంటే శక్తి ఖర్చవుతుంది కదా, మనిషి చిక్కిపోవాలి గాని లావెందుకవుతాడన్న సందేహం సమంజసమే. దానికి జవాబు ఆకలిని నడిపే రసాయనాల్లో ఉంది.

మేడ మీది నీళ్ల ట్యాంకులో నీటిపై తేలే బంతి ఒకటి ఉంటుంది. ట్యాంకు నిండుతున్నకొద్దీ బంతి పైకి లేచి గొట్టపు మూతి మూసేస్తుంది, నీళ్లు తగ్గితే కిందికి దిగి మళ్లీ తెరుస్తుంది. ఇంట్లోవాళ్లు ఎవరూ మేడ ఎక్కి చూడనవసరం లేదు. శరీరంలో కొవ్వు నిల్వకు ఆ బంతి వంటిది లెప్టిన్ అనే హార్మోను. న్యూయార్క్‌లోని రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో దాని జన్యువును కనిపెట్టింది. కొవ్వు కణాలే దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. నిల్వ చాలినంత ఉందన్న కబురు దాని ద్వారా మెదడుకు చేరి ఆకలి తగ్గుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న గ్రెలిన్ దీనికి ఎదురుపని చేస్తుంది. ఖాళీ కడుపు నుంచి బయలుదేరి, తినమని మెదడుకు చెబుతుంది. ట్యాంకులో నీళ్లు నిండుగా ఉండగానే ఎవరో ఆ బంతిని చేత్తో కిందికి నొక్కి పట్టుకుంటే నీళ్లు వస్తూనే ఉండి పొర్లిపోతాయి. నిద్రలేమి చేసేది సరిగ్గా ఆ పని.

షికాగో విశ్వవిద్యాలయంలో కరీన్ స్పీగెల్, ఈవ్ వాన్ కాటర్ 2004లో ప్రచురించిన ప్రయోగంలో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులు పాల్గొన్నారు; వాళ్ల సగటు వయసు 22, అంటే సరిగ్గా ఫైనలియర్ విద్యార్థి వయసు. రెండు రాత్రులు 4 గంటలు మాత్రమే, మరో విడత రెండు రాత్రులు 10 గంటలు వాళ్లను పడుకోనిచ్చి, రెండుసార్లూ సమానమైన శక్తి అందించి రక్తం పరీక్షించారు. తక్కువ పడుకున్నప్పుడు లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది, ఆకలి 24 శాతం పెరిగింది. ఏది తినాలనిపిస్తోందని అడిగితే కూరగాయలూ పండ్లూ కాదు, మిఠాయిలు, ఉప్పటి చిరుతిళ్లు, పిండిపదార్థాలు కావాలన్నారు. తర్వాతి ప్రయోగాల్లో హార్మోన్ల మార్పు అన్నిచోట్లా ఇంత స్పష్టంగా కనిపించకపోయినా, నిద్ర తగ్గినవాళ్లు మర్నాడు ఎక్కువ తింటారన్నది మాత్రం మళ్లీ మళ్లీ రుజువైంది.

దీనికి తోడు వేళ కూడా ముఖ్యం. దేహంలోని ప్రతి అవయవానికీ ఇరవైనాలుగు గంటల గడియారం ఒకటి ఉంది. అది కణాల్లో ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017 నోబెల్ వైద్య బహుమతి జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు దక్కింది. పొద్దున తిన్నప్పటికంటే రాత్రి తిన్నప్పుడు ఇన్సులిన్ మందకొడిగా పనిచేస్తుంది కనుక, అదే అన్నం, అదే కూర రాత్రివేళ రక్తంలో చక్కెరను ఎక్కువసేపు ఎక్కువగా ఉంచుతాయి. క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీ చేసే హౌస్‌సర్జన్ రెండింటికి తినే బిర్యానీ విషయంలో శరీరం చేసే లెక్క మధ్యాహ్నపు బిర్యానీ లెక్క కాదు. పరీక్షల ముందు వారాలు, ఆ తర్వాత డ్యూటీల నెలలు, చివరికి పీజీ ఎంట్రెన్స్ చదువు, ఇలా నిద్రకు గండిపడే కాలాలే వైద్య విద్యలో వరుసగా పేర్చి ఉంటాయి.

ఆశ కలిగించే విషయం కూడా ఇక్కడే ఉంది. 2022లో అదే షికాగోలో ఎస్రా తసాలీ బృందం, రోజూ ఆరున్నర గంటలకంటే తక్కువ నిద్రపోయే అధిక బరువున్న 80 మందిని తీసుకుని, తిండి గురించి గాని వ్యాయామం గురించి గాని ఒక్కమాట చెప్పకుండా, సగం మందికి నిద్ర ఎలా పెంచుకోవాలో మాత్రమే నేర్పింది. వాళ్ల నిద్ర సుమారు గంటా పది నిమిషాలు పెరిగింది. మిగతావాళ్లతో పోలిస్తే రోజుకు 270 కేలరీల తిండి దానంతటదే తగ్గింది. పథ్యం చేయమని చెప్పి ఇంత తగ్గించడం ఎంత కష్టమో వైద్యులందరికీ తెలుసు.

మెస్సు వేళలు, క్యాంటీన్ రుచులు

ఎనిమిదింటి క్లాసు కోసం ఏడున్నరకు లేచే విద్యార్థికి ఉప్మా, చట్నీ కోసం వరుసలో నిలబడే తీరిక ఉండదు. పదకొండింటికి క్యాంటీన్లో సమోసా, టీతో కడుపు నింపుకుని, మధ్యాహ్నం పోస్టింగ్ ఆలస్యమై మెస్సులో కూర అయిపోయాక పప్పు, అప్పడాలతో అన్నం ఎక్కువ తిని, రాత్రి చదువు మధ్యలో పదకొండున్నరకు ఫోన్లో నూడుల్సో, ఫ్రైడ్ రైసో తెప్పించుకోవడం చాలా హాస్టళ్లలో మామూలు దినచర్య. ఇందులో లోపం రుచి మీది మోజు కంటే వేళలది ఎక్కువ. మంచి తిండి దొరికే సమయానికి విద్యార్థి వార్డులో ఉంటాడు, విద్యార్థికి తీరిక దొరికే సమయానికి మెస్సు మూసి ఉంటుంది.

ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వచ్చే తిండి సంగతి 2019లో కెవిన్ హాల్ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో తేల్చాడు. 20 మందిని నెలరోజులు లోపలే ఉంచి, రెండు వారాలు అలాంటి తిండి, రెండు వారాలు ఇంటివంటి తిండి పెట్టాడు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానం, కావలసినంత తినవచ్చు. ప్యాకెట్ తిండి పెట్టినప్పుడు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిని 0.9 కిలో పెరిగారు, రెండోదానిలో అంతే తగ్గారు. మెత్తగా ఉండి గబగబా దిగిపోయే తిండి, కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే లోపలికి వెళ్లిపోతుందన్నది ఒక వివరణ.

తాగే తీపి ఇంకా మోసకారి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 2000లో జరిగిన ప్రయోగంలో రోజుకు 450 కేలరీల తీపిని మిఠాయి బిళ్లలుగా తిన్నప్పుడు మిగతా తిండి ఆ మేరకు తగ్గింది. అంతే తీపిని కూల్‌డ్రింకుగా తాగినప్పుడు ఏమీ తగ్గలేదు. ద్రవంగా వెళ్లిన శక్తిని ఆకలి యంత్రాంగం సరిగా లెక్కవేయలేదు. నిద్ర ఆపుకోవడానికి రోజుకు నాలుగు టీలు తాగే విద్యార్థి, టీకి రెండు చెంచాల చొప్పున, చెంచాకు 5 గ్రాముల లెక్కన 40 గ్రాముల పంచదార తీసుకుంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆదర్శంగా చెప్పిన పరిమితి రోజు మొత్తానికి సుమారు 25 గ్రాములు.

వారసత్వం, ఒత్తిడి, చిన్నచూపు

ఒకే హాస్టల్లో ఒకే మెస్సులో తిన్నవాళ్లంతా ఒకేలా లావవరు. 2007లో గుర్తించిన ఎఫ్‌టీవో జన్యువులోని ఒక రకాన్ని తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా పొందినవాళ్లు సగటున 3 కిలోల బరువు ఎక్కువ ఉంటారు; శరీరశ్రమ చేసేవాళ్లలో ఆ ప్రభావం తగ్గుతుందని కూడా తెలిసింది. ఇక ఇంటర్నల్స్, వైవా, ఫెయిలవుతామన్న భయం నెలల తరబడి సాగితే, ఒత్తిడి హార్మోను కార్టిజాల్ ఎక్కువై, కొందరిలో తీపి, కొవ్వు తిండి మీద కోరికను పెంచి, కొవ్వును పొట్ట దగ్గర చేరుస్తుంది. అందరిలోనూ ఇలా జరగదు, ఒత్తిడిలో తిండి మానేసేవాళ్లూ ఉన్నారు.

ఎక్కువ ఆలోచించవలసినది లావైన విద్యార్థి పట్ల తోటివారి చూపు గురించి. అమెరికాలో 49 వైద్య కళాశాలల్లో 4,732 మంది మొదటి ఏడు విద్యార్థులను పరీక్షించగా, 74 శాతం మందిలో లావైనవారి పట్ల లోలోపలి చిన్నచూపు, 67 శాతం మందిలో పైకి ఒప్పుకునే చిన్నచూపు ఉన్నట్టు 2014లో తేలింది. ఆ చూపు ముందు సహాధ్యాయి మీద పడుతుంది, తర్వాత రోగి మీద పడుతుంది. అవమానం వల్ల ఎవరూ చిక్కిపోరు; బరువు చూసుకోవడం, డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తారు, ఒంటరిగా ఎక్కువ తింటారు.

వైద్యుల బరువుతో రోగులకు ఏం సంబంధమని అనుకోవడానికి లేదు. 2012లో 500 మంది అమెరికన్ వైద్యులను అడిగి చూస్తే, సాధారణ బరువున్న వైద్యుల్లో 30 శాతం మంది ఊబకాయులైన రోగులతో బరువు గురించి మాట్లాడుతుంటే, తామే అధిక బరువున్న వైద్యుల్లో 18 శాతం మందే మాట్లాడుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం మంది బీఎంఐ 25 దాటినవారే. వారితో ఆ మాట ఎత్తవలసినవాళ్లు ఈనాటి వైద్య విద్యార్థులు.

2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం, రెసిడెంట్ వైద్యులకు వారానికి 74 గంటలకు మించిన పని ఉండరాదని, వారానికో సెలవు, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర అవసరమని సిఫారసు చేసింది. అది మనసు ఆరోగ్యం కోసం చేసిన సిఫారసే అయినా, నడుము కొలతకూ అంతకంటే మంచి మందు లేదు. అమలు ఢిల్లీ చేతిలో ఉందని కాలేజీలు చేతులు ముడుచుకోనక్కర్లేదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే హౌస్‌సర్జన్ కోసం మెస్సులో టిఫిన్ పదింటి వరకు ఉంచడానికి, లైబ్రరీలో నిలబడి చదువుకునే బల్లలు నాలుగు వేయించడానికి, చీకటిపడ్డాక గ్రౌండులో దీపాలు వెలిగించి ఉంచడానికి ప్రిన్సిపాల్ సంతకం ఒక్కటి చాలు.